తెలుగు బహువచనాలు యంత్రానికి నేర్పడం: తర్కం ఎక్కడిదాకా, లెక్కలు ఎక్కడినుంచి

కృత్రిమ మేధలో యంత్రానికి నేర్పే దారులు స్థూలంగా రెండు. ఉదాహరణల నుంచి 'ఇలా ఉంటే ఇది' అనే సూత్రాలు రాబట్టడం తర్కం దారి. ఏ లక్షణం దేనితో ఎన్నిసార్లు కలిసి వచ్చిందో లెక్కగట్టి, కొత్త మాటకు సంభావ్యత చెప్పడం గణాంకాల దారి. నిర్వచనాలు ఎన్ని చదివినా వీటి తేడా అంతుబట్టదు. ఒకే పనిని రెండు దారుల్లోనూ చేసి, ఒక్కోటి ఏ మాట దగ్గర ఆగిపోయిందో చూస్తే గంటలో తెలిసిపోతుంది.

ఇక్కడ ఆ పని, నామవాచకానికి ఏకవచనం ఇస్తే బహువచనం చెప్పడం. ఇంగ్లీషు క్రియల భూతకాల రూపాల మీద ఇదే గొడవ చాలా ఏళ్ళు నడిచింది. 1986లో రూమెల్‌హార్ట్, మెక్‌క్లెలాండ్ సూత్రాలేవీ రాయకుండా న్యూరల్ నెట్‌వర్క్‌తో వాటిని నేర్పి చూపించారు. 1988లో పింకర్, ప్రిన్స్ ఆ పనిలోని లోపాలు ఎత్తి చూపారు. 1995లో మూనీ, కాలిఫ్ అదే సమస్యను ఫాయిడిల్ అనే తర్క పద్ధతితో సాధించారు. మన బహువచనాలు ఈ పరీక్షకు ఇంకా బాగా సరిపోతాయి. 'పుస్తకం–పుస్తకాలు' లాంటి కచ్చితమైన సూత్రాలూ, 'చేయి–చేతులు' లాంటి మొండి మాటలూ, 'ఊళ్ళు, ఊర్లు' అని రెండు రకాలుగానూ చెల్లిపోయేవీ ఒకే జాబితాలో దొరుకుతాయి.

కావలసినవి: 400 మాటల జాబితా, పైథాన్, సైకిట్-లెర్న్ (గణాంక పద్ధతుల పైథాన్ లైబ్రరీ), ప్రొలాగ్ (తర్క సూత్రాలతో రాసే ప్రోగ్రామింగ్ భాష), దాని సాయంతో ఉదాహరణల నుంచి సూత్రాలు రాబట్టే అలెఫ్ గానీ పాపర్ గానీ. మొదటి సగం కాగితం, పెన్సిల్‌తోనే అయిపోతుంది. అది దాటవేయకండి.

జాబితా తయారీ

ఏకవచనం, బహువచనం జంటలుగా 400 రాయండి. 300 నేర్పడానికి, 100 పరీక్షకు. ఎక్కువ తప్పులు పుట్టేది ఇక్కడే.

మొదటిది లిపి. యూనికోడ్‌లో 'చెట్టు' అంటే చ, ఎత్వం, ట, పొల్లు, ట, కొమ్ము అని 6 గుర్తులు. 'పుస్తకం'లో 'త' తర్వాతి అకారానికి గుర్తే లేదు, హల్లులోనే కలిసి ఉంటుంది. గుర్తులను యథాతథంగా ఇస్తే 'అం' అనే చివర యంత్రానికి కనిపించదు. అందుకని ప్రతి మాటనూ ధ్వనులుగా విడదీయాలి: చ్ ఎ ట్ ట్ ఉ, ప్ ఉ స్ త్ అ క్ అ ం. హల్లు తర్వాత గుణింతం గుర్తు గానీ పొల్లు గానీ లేకపోతే 'అ' చేర్చే చిన్న ప్రోగ్రాం చాలు. విడదీసే ముందు యూనికోడ్ నార్మలైజేషన్ చేయండి. ఐత్వం ఒకే గుర్తుగానూ, రెండు గుర్తులుగానూ నిల్వ ఉండొచ్చు. కంటికి ఒకేలా కనిపించే 'వైద్యుడు' యంత్రానికి రెండు మాటలవుతుంది. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్య దాక్కునే కనిపించని విడదీత గుర్తునూ తీసేయండి.

రెండోది వర్ణక్రమం. 'ఇళ్ళు', 'ఇళ్లు' రెండూ రాస్తారు. ఏదో ఒకటి ఎంచుకుని జాబితా అంతా దానికే మార్చండి. లేకపోతే తర్క పద్ధతి ఆ తేడాకు కారణం వెతుకుతూ అర్థంలేని సూత్రాలు పుట్టిస్తుంది. 'ఊళ్ళు–ఊర్లు', 'పళ్ళు–పండ్లు' సంగతి వేరు. అవి నిజంగా రెండు రూపాలు. రెండింటినీ ఉంచి, పక్కన గుర్తు పెట్టండి.

మూడోది బంధుత్వం. 'అల్లుడు' నేర్చుకునే జాబితాలో ఉండి, 'మేనల్లుడు' పరీక్షలో ఉంటే అది పరీక్ష అనిపించుకోదు. 'ఇల్లు, పుట్టిల్లు', 'పుస్తకం, పాఠ్యపుస్తకం' కూడా అంతే. ఒకే మాట చివర ఉన్న సమాసాలన్నిటినీ ఒకే పక్క వేయండి. మాటలను వార్తల నుంచి ఏరుతుంటే, 'సంవత్సరాలు' వేలసార్లు వచ్చినా జాబితాలో ఒక్కసారే రాయండి. మొండి మాటలు వాడుకలో బాగా ఎక్కువగా వస్తాయి. వాడుక లెక్కన బరువు ఇస్తే నాలుగు మొండి మాటలు సూత్రాన్ని మింగేస్తాయి.

బియ్యం, నెయ్యి లాంటివీ, నీళ్ళు, పాలు లాంటివీ జాబితాలో పెట్టకండి. మొదటి రకానికి మామూలుగా బహువచనం ఉండదు, రెండో రకానికి ఏకవచనం ఉండదు.

ఇక ప్రతి జంటకూ ఒక మార్పు పేరు ఇవ్వండి: చివర ఏం తీసేశాం, ఏం పెట్టాం. ఆవు–ఆవులు: ఏమీ తీయలేదు, 'ల్ ఉ' పెట్టాం. గది–గదులు: 'ఇ' తీసి 'ఉ ల్ ఉ'. నోటు–నోట్లు: 'ఉ' తీసి 'ల్ ఉ'. తాడు–తాళ్ళు: 'డ్ ఉ' తీసి 'ళ్ ళ్ ఉ'. నాయకుడు–నాయకులు: 'డ్ ఉ' తీసి 'ల్ ఉ'. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి మొదటినుంచి ఎక్కడిదాకా కలిశాయో చూస్తే ఇది దానంతటదే వస్తుంది. దీంతో 'బహువచనం చెప్పు' అన్న పెద్ద ప్రశ్న 'ఏ మార్పు?' అన్న ఎంపిక ప్రశ్నగా మారుతుంది. రెండు పద్ధతులకూ ఇదే ప్రశ్న ఇస్తాం.

సూత్రం రెండు ఉదాహరణల్లో దొరికే చోటు

తర్కం సత్తా చూడాలంటే 'అం' మాటలతో మొదలుపెట్టండి. గార్డన్ ప్లాట్కిన్ 1970లో ప్రతిపాదించిన కనిష్ఠ సాధారణీకరణ ఇక్కడ చక్కగా పనిచేస్తుంది. ప్రొలాగ్ జాబితాలు ముందునుంచే తెరుచుకుంటాయి, మనకు కావలసింది మాట చివర. కాబట్టి ధ్వనులను తిరగేసి రాయండి.

పుస్తకం: ం అ క్ అ త్ స్ ఉ ప్
గుర్రం: ం అ ర్ ర్ ఉ గ్

రెండు వరసలనూ స్థానాలవారీగా పోల్చండి. ఒకటే అయితే అలాగే ఉంచండి, వేరైతే చరరాశి పెట్టండి. మొదటి రెండు స్థానాల్లో 'ం, అ' మిగులుతాయి. తర్వాత క్/ర్, అ/ర్, త్/ఉ, స్/గ్ జతలకు నాలుగు చరరాశులు, ఆపైన మిగతా భాగానికి ఒకటి. ఇప్పుడు బహువచనాలను కూడా ఇలాగే పోల్చండి: ఉ ల్ ఆ, ఆ తర్వాత మళ్ళీ క్/ర్, అ/ర్, త్/ఉ, స్/గ్. కీలకం ఇక్కడుంది: ఒకసారి ఎదురైన జత మళ్ళీ ఎదురైతే పాత చరరాశినే వాడాలి. అలా వాడినందువల్లే 'మాట ముందు భాగం మారదు' అన్నది ఎవరూ చెప్పకుండా సూత్రంలోకి వచ్చేస్తుంది. కొత్త చరరాశి పెట్టారో, 'పుస్తకం'కి 'గుర్రాలు' అన్నా ఒప్పుకునే పనికిరాని సూత్రం మిగులుతుంది.

వచ్చిన సూత్రంలో ఒక చిన్న లోపం ఉంది. 'అం'కు ముందు కనీసం నాలుగు ధ్వనులు ఉండాలని అది కోరుతుంది, ఎందుకంటే చూసిన రెండు మాటలూ అంత పొడవున్నాయి. 'పదం–పదాలు' చేర్చండి, అది మూడుకు తగ్గుతుంది. నేర్పే మాటల్లో పొట్టివి తప్పకుండా ఉండాలనడానికి కారణం ఇదే. మూడు మాటలతో వచ్చిన ఈ సూత్రం దేశం, మందిరం, ఉద్యోగం, ఇంకా నిఘంటువులో ఉన్న వందల మాటలకు సరిపోతుంది. గణాంక పద్ధతి మూడు మాటలతో ఇంత ధైర్యంగా మాట్లాడలేదు.

పదహారు మాటల మీద చేతి లెక్క

'డు' చివర ఉన్న మాటల దగ్గర కథ మారుతుంది. నాయకుడు–నాయకులు, కానీ తమ్ముడు–తమ్ముళ్ళు. మొదటి మార్పును 'లు' వర్గం అనీ, రెండోదాన్ని 'ళ్ళు' వర్గం అనీ అందాం.

లు: నాయకుడు, సేవకుడు, యువకుడు, సైనికుడు, స్నేహితుడు, పండితుడు, శిష్యుడు, వైద్యుడు.
ళ్ళు: తమ్ముడు, అల్లుడు, మొగుడు, దేవుడు, మనవడు, తాడు, గూడు, మోడు.

నాలుగు లక్షణాలు తీసుకుందాం. ఒక్కో వర్గంలో 8 మాటలకు ఎన్నింటిలో ఉందో ఇదీ:

తత్సమం, అంటే సంస్కృతం నుంచి నేరుగా వచ్చిన మాట: లు 8, ళ్ళు 1 (దేవుడు).
మహద్వాచకం, అంటే మగవాళ్ళనూ దేవుళ్ళనూ చెప్పే మాట: లు 8, ళ్ళు 5.
నాలుగు అంతకంటే ఎక్కువ అక్షరాలు: లు 6, ళ్ళు 1 (మనవడు).
చివర 'కుడు': లు 4, ళ్ళు 0.

ముందు తర్కం దారి. క్విన్లన్ 1990 నాటి ఫాయిల్ పద్ధతి ఒక్కో షరతు చేర్చుకుంటూ పోతుంది. ఏ షరతు చేర్చాలో లాభం లెక్క చెబుతుంది: షరతు పెట్టాక మిగిలిన సరైన మాటల సంఖ్యను, ఒక్కో మాటకు తగ్గిన అనిశ్చితితో గుణించాలి. మొదట 16లో 8 సరైనవి, అనిశ్చితి 1 బిట్. 'తత్సమం' పెడితే 9 మాటలు మిగులుతాయి, అందులో 8 సరైనవి. బేస్ 2 లాగ్‌తో (9ని 8తో భాగించి లాగ్ తీస్తే) అనిశ్చితి 0.17. లాభం 8 × 0.83 = 6.64. ఇలాగే 'నాలుగు అక్షరాలు' 4.67, 'కుడు' 4.00, 'మహద్వాచకం' 2.40. కాబట్టి 'తత్సమం' ముందు. 'కుడు' ఒక్క తప్పు కూడా చేయదు కదా, అదెందుకు గెలవలేదంటే అది 4 మాటలకే చెల్లుతుంది. లాభం సూత్రం శుద్ధతనూ విస్తృతినీ కలిపి తూస్తుంది.

ఇంకా దేవుడు అడ్డున్నాడు. రెండో షరతుగా 'నాలుగు అక్షరాలు' చేర్చితే లాభం 1.02, 'కుడు' చేర్చితే 0.68. మొదటిదే తీసుకుంటే 'తత్సమమై, నాలుగు అక్షరాలకు తగ్గకపోతే లు' అన్న సూత్రం 6 మాటలను తప్పులేకుండా పట్టుకుంటుంది. వాటిని పక్కన పెట్టి మిగతావి చూడండి. శిష్యుడు, వైద్యుడు మిగిలారు. వాటికి సూత్రం రాయబోతే బండి ఆగిపోతుంది: ఈ నాలుగు లక్షణాల్లో శిష్యుడు, వైద్యుడు, దేవుడు మూడూ అచ్చంగా ఒకటే. తత్సమం, మహద్వాచకం, మూడక్షరాలు, చివర 'కుడు' లేదు. మనం ఇచ్చిన భాషలో వాటిని విడదీసే మాటే లేదు.

ఇక్కడ చాలామంది కొత్త షరతు కనిపెడతారు: 'వుడు' అయితే ళ్ళు. 16 మాటల మీద అది నూటికి నూరుపాళ్ళు సరిపోతుంది. 'మానవుడు', 'పాండవుడు', 'బాంధవుడు' రాగానే మానవుళ్ళు, పాండవుళ్ళు అని తయారు చేస్తుంది. ఒక్క మాట కోసం పుట్టిన షరతును నమ్మకండి. ఆ మాటనే మినహాయింపుగా జాబితాలో రాసేయండి, అది చవక. 'దేవుడు' మినహాయింపులోకి వెళ్ళాక 'తత్సమం అయితే లు, లేకపోతే ళ్ళు' అన్న ఒక్క వాక్యంతో మిగతా పదిహేనూ తేలిపోతాయి.

ఇప్పుడు అవే అంకెలతో గణాంకాల దారి: నాయీవ్ బేయిస్, అంటే లక్షణాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుని వాటి సంభావ్యతలను గుణించే పద్ధతి. ఒక్కో వర్గంలో ఒక్కో లక్షణం సంభావ్యత రాయాలి. 'కుడు' ళ్ళు వర్గంలో సున్నా. దాన్ని అలాగే గుణిస్తే మొత్తం సున్నా అయిపోయి మిగతా సాక్ష్యమంతా చెరిగిపోతుంది. అందుకని ప్రతి లెక్కకూ 1 కలిపి, భాగహారంలో 2 కలుపుతాం. లాప్లాస్ సవరింపు అంటే ఇదే. అప్పుడు లు, ళ్ళు వరుసలో: తత్సమం 0.9, 0.2, మహద్వాచకం 0.9, 0.6, నాలుగు అక్షరాలు 0.7, 0.2, కుడు 0.5, 0.1. లక్షణం లేకపోతే 1లోంచి తీసేసిన అంకె వాడాలి. రెండు వర్గాల్లోనూ 8 మాటలే కాబట్టి ముందస్తు సంభావ్యతలు సమానం, వాటిని వదిలేయొచ్చు.

గాయకుడు: నాలుగు లక్షణాలూ ఉన్నాయి. లు 0.9 × 0.9 × 0.7 × 0.5 = 0.2835. ళ్ళు 0.2 × 0.6 × 0.2 × 0.1 = 0.0024. అంటే 'గాయకులు'కి 99 శాతం.
మొనగాడు: తత్సమం కాదు, మహద్వాచకం, నాలుగు అక్షరాలు, కుడు లేదు. లు 0.0315, ళ్ళు 0.0864. 'మొనగాళ్ళు'కి 73 శాతం.
దేవుడు: లు 0.1215, ళ్ళు 0.0864. 'దేవులు'కి 58 శాతం.

చివరిది తప్పు. పైగా నేర్చుకున్న జాబితాలో ఉన్న మాటే. తర్క పద్ధతి ఇదే మాట దగ్గర 'నాకు కుదరదు' అని ఆగింది. గణాంక పద్ధతి ఆగకుండా తప్పు చెప్పింది, కానీ 58 అంటూ గొంతు తగ్గించి చెప్పింది. రెండు సంకేతాలూ పనికొస్తాయి, వాటిని చదవడం తెలియాలి. తర్కం ఆగిందంటే మీ లక్షణాల భాషలో ఏదో లోటుంది, లేదా జాబితాలో తప్పుంది. గణాంకం 50–70 మధ్య ఊగిందంటే ఆ మాటలను విడిగా తీసి కంటితో చూడాలి.

గాయకుడికి వచ్చిన 99 శాతాన్ని మాత్రం నమ్మకండి. 'కుడు' మాటలు దాదాపు అన్నీ తత్సమాలే, చాలావరకు నాలుగక్షరాలవే. నాయీవ్ బేయిస్ వాటిని మూడు స్వతంత్ర సాక్ష్యాలుగా లెక్కేసి ఒకే సంగతిని మూడుసార్లు గుణించింది. లాజిస్టిక్ రిగ్రెషన్ (లక్షణాలన్నిటికీ కలిపి ఒకేసారి బరువులు తేల్చే గణాంక పద్ధతి) అయితే ఆ బరువును మూడింటి మధ్యా పంచుతుంది. అసలు పనికి దాన్నే వాడండి.

'తత్సమం' ఎవరు చెప్పాలి?

పై లెక్కలో తర్కం అంత తేలిగ్గా గెలిచిందంటే కారణం 'తత్సమం' అన్న లక్షణం. అది మాటలో కనిపించదు, మనం నిఘంటువు చూసి ఇచ్చాం. తర్క పద్ధతుల్లో దీన్ని నేపథ్య జ్ఞానం అంటారు. ఖర్చంతా దానిదే. ధ్వనులను బట్టి పోల్చుకుందామంటే ఖ, ఘ, ధ, భ లాంటి వత్తు పలికే అక్షరాలు, శ, ష, క్ష ఉన్నవి తత్సమాలనే గుర్తు కొంతవరకే పనిచేస్తుంది: శిష్యుడు, ఉపాధ్యాయుడు దొరుకుతాయి, నాయకుడు, సేవకుడు, యువకుడు జారిపోతాయి. 300 మాటలకు చేత్తో గుర్తులు పెట్టడం ఒక పూట పని. మూడు లక్షల మాటలకు కుదరదు. అప్పుడు చివరి 1 నుంచి 4 ధ్వనులను లక్షణాలుగా ఇచ్చి గణాంక పద్ధతిని నమ్ముకోవాలి.

అలాగని నేపథ్య జ్ఞానం ఇష్టమొచ్చినంత కుప్ప పోయకూడదు. వేలియంట్ 1984లో వేసిన పునాది మీద ఒక లెక్క ఉంది. సాధ్యమైన సూత్రాల సంఖ్యకు సహజ లాగ్, దానికి విఫలావకాశం (ఈ హామీ తప్పిపోయే అవకాశం) తలకిందుల, అంటే 1ని దానితో భాగిస్తే వచ్చే అంకె, సహజ లాగ్ కలిపి, ఒప్పుకోదగ్గ తప్పు రేటుతో భాగిస్తే ఎన్ని ఉదాహరణలు ఉంటే చాలో వస్తుంది. ఒక్కో లక్షణాన్ని సూత్రంలో 'ఉండాలి, ఉండకూడదు, పట్టింపు లేదు' అని మూడు విధాల వాడొచ్చు. నాలుగు లక్షణాలకు 81 సూత్రాలు. తప్పు రేటు 10 శాతం, విఫలావకాశం 5 శాతం అనుకుంటే 74 ఉదాహరణలు. లక్షణాలు 30కి పెంచితే 360. మన దగ్గర ఉన్నవి 16. అందుకే 'వుడు' అన్న సూత్రం అంత సులువుగా దొరికింది, అంత సులువుగా కూలింది.

యంత్రం మీద నడిపేటప్పుడు

అలెఫ్‌కు నేపథ్య జ్ఞానం, సరైన ఉదాహరణలు, తప్పు ఉదాహరణలు విడివిడిగా ఇవ్వాలి. పాపర్‌కు ఉదాహరణలు, నేపథ్యం, బయాస్ అని మూడు ఫైళ్ళు. ఏ షరతులు సూత్రంలోకి రావచ్చో, ఎన్ని రావచ్చో బయాస్ ఫైలు చెబుతుంది. దాన్ని వదులుగా రాస్తే వెతుకులాట రాత్రంతా నడుస్తుంది. అలెఫ్‌లో సూత్రం పొడవు మామూలుగా తలతో కలిపి 4; అంటే మూడు షరతులు. బహువచనాలకు అది చాలు, పెంచకండి. ఒప్పుకోదగ్గ తప్పుల సంఖ్య మామూలుగా 0, ఒక సూత్రం పట్టుకోవలసిన కనీస ఉదాహరణలు 1. ఈ రెండూ ఇలాగే వదిలేస్తే 'వుడు' లాంటి ఒంటి మాట సూత్రాలు డజన్ల కొద్దీ వస్తాయి. కనీస ఉదాహరణలను 5 చేయండి. తప్పులను 0 దగ్గరే ఉంచండి. మినహాయింపులు మన జాబితాలోకి పోతాయి.

తప్పు ఉదాహరణలు ఎక్కడినుంచి వస్తాయి? 'తాడులు తప్పు' అని ఎవరూ పుస్తకాల్లో రాయరు. ఫాయిడిల్ దీనికో ఉపాయం వాడింది: ఇచ్చిన రూపం తప్ప మిగతావన్నీ తప్పే అనుకోవడం. మంచి ఉపాయమే, కానీ తెలుగులో 'ఊళ్ళు' ఇచ్చి ఇలా అనుకుంటే 'ఊర్లు' తప్పయిపోతుంది. జాబితాలో రెండు రూపాల గుర్తు పెట్టమన్నది అందుకే. ఆ మాటలను తర్క పద్ధతికి ఇవ్వకండి. ఏ ప్రాంతంలో, ఏ పత్రికలో ఏది ఎంత శాతం అన్నది లెక్కల ప్రశ్న, సూత్రానికి అందదు.

'పన్ను' ఇంకో రకం. నోట్లోదైతే పళ్ళు, ప్రభుత్వానిదైతే పన్నులు. ధ్వనులు ఎంత చీల్చినా విడదీయలేం. వాక్యంలో పక్కనున్న మాటలే ఆధారం: నొప్పి, చిగురు ఒకవైపు, ఆదాయం, వసూలు ఇంకోవైపు. ఈ రకం పనికి గణాంక పద్ధతే తగింది.

సైకిట్-లెర్న్‌లో లాజిస్టిక్ రిగ్రెషన్‌కు చివరి 1, 2, 3, 4 ధ్వనుల ముక్కలను లక్షణాలుగా ఇవ్వండి. మాట మధ్య ముక్కలను కూడా లక్షణాలుగా తీసుకుంటే చివర ఒక హద్దు గుర్తు పెట్టాలి; మరిచిపోతే మధ్యలో ఉన్న 'ట్టు', చివర ఉన్న 'ట్టు' ఒకటైపోతాయి. సి విలువ, అంటే బరువులు అతిగా పెరగకుండా వేసే కళ్ళెం ఎంత వదులో చెప్పే అంకె, మామూలుగా 1. అది తగ్గితే కళ్ళెం బిగుస్తుంది, పెరిగితే వదులవుతుంది. చాలామంది తలకిందులుగా అనుకుంటారు. కళ్ళెం పూర్తిగా తీసేస్తే, 'కుడు'లా ఒకే వర్గంలో కనిపించే ముక్కల బరువు ఆగకుండా పెరుగుతూ పోతుంది. పునరావృత్తుల పరిమితి మామూలుగా 100; కన్వర్జ్ కాలేదన్న (లెక్క ఇంకా స్థిరపడలేదన్న) హెచ్చరిక వస్తే 1000 చేయండి. సి విలువను పరీక్ష జాబితా మీద ఎంచకండి, నేర్పే 300ను అయిదు భాగాలు చేసి, ఒక్కోదాన్ని వంతులవారీగా పక్కనపెట్టి మిగతా నాలుగుతో నేర్పి, వాటి మీదే తేల్చండి.

రెండింటినీ వరసలో పెట్టడం

బాగా పనిచేసే అమరిక వడపోతలాంటిది.

మొదట మినహాయింపుల పట్టిక: చేయి–చేతులు, నుయ్యి–నూతులు, గొయ్యి–గోతులు, కన్ను–కళ్ళు, పెళ్ళి–పెళ్ళిళ్ళు, దేవుడు–దేవుళ్ళు. అచ్చంగా మాట సరిపోతేనే చూడాలి.

రెండోది తప్పులేని సూత్రాలు, ప్రత్యేకమైనవి ముందు, విస్తృతమైనవి వెనక. వరస తప్పితే 'ఇ' చివర 'ఉలు' అన్న సూత్రం కోటిని, కోడిని కూడా లాక్కుని కోటులు, కోడులు చేస్తుంది. ఫాయిడిల్ కూడా విస్తృత సూత్రాలను ముందు నేర్చుకుని, తర్వాత పుట్టిన మినహాయింపు సూత్రాలను వాటి ముందుకు చేరుస్తుంది.

మూడోది మిగిలినదానికి లాజిస్టిక్ రిగ్రెషన్. సంభావ్యత 0.8 దాటితే జవాబు తీసుకోండి. దాటకపోతే మొదటి రెండు రూపాలూ చూపించి మనిషిని అడగండి.

'లు' చివర మాటలు ఈ అమరికకు మంచి పరీక్ష. కాలు–కాళ్ళు, తేలు–తేళ్ళు, రోలు–రోళ్ళు చూసి నేర్చిన సూత్రం రైలు–రైళ్ళు, ఫైలు–ఫైళ్ళు, స్కూలు–స్కూళ్ళు, హోటలు–హోటళ్ళు లాంటి అరువు మాటలకు కూడా చెల్లుతుంది. ఒక్క అరువు మాట కూడా చూపించకుండానే. 'ల్లు' రాగానే చీలిపోతుంది: ఇల్లు–ఇళ్ళు, ముల్లు–ముళ్ళు, కానీ చిల్లు–చిల్లులు, జల్లు–జల్లులు, బిల్లు–బిల్లులు. దీనికి ధ్వనుల్లో సూత్రం వెతక్కండి. ఇల్లు, ముల్లు పట్టికలో వేసి, మిగతా 'ల్లు'కు 'లు' చేర్చడం మామూలు సూత్రంగా పెట్టండి.

కొలవడం

100 మాటల పరీక్షలో 90 సరైతే, నిజమైన విలువ దాదాపు 84కీ 96కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. కాబట్టి ఒకటి 90, ఇంకోటి 92 వస్తే ఏదీ గెలవలేదు. రెండూ తప్పిన, రెండూ నెగ్గిన మాటలను వదిలేసి, ఒకటి నెగ్గి ఒకటి తప్పినవే లెక్కించండి. ఉదాహరణకు తర్కం ఒక్కటే నెగ్గినవి 9, గణాంకం ఒక్కటే నెగ్గినవి 3 అనుకుందాం. తొమ్మిది పెద్దగా కనిపిస్తుంది, కానీ బొమ్మా బొరుసూ వేసినా ఇంత తేడా రావడానికి 15 శాతం అవకాశం ఉంది. తేల్చాలంటే పరీక్ష జాబితా పెంచాలి.

మొత్తం శాతం కన్నా ఒక్కో చివరకు విడిగా శాతం రాసుకోవడం మేలు: అం, ట్టు, డు, లు, రు, ఇ, యి. 'అం' మాటలు ఎక్కువున్న పరీక్షలో ఎవరైనా 95 తెచ్చుకుంటారు. 'రు' వరస చూడండి: గోరు–గోళ్ళు, నోరు–నోళ్ళు, కారు–కార్లు, పేరు–పేర్లు. మీ అమరికలో ఏ అర నిజంగా పనిచేస్తోందో అక్కడే బయటపడుతుంది. ప్రతి జవాబు పక్కనా అది పట్టిక నుంచి వచ్చిందా, సూత్రం నుంచా, సంభావ్యత నుంచా అన్నది రాయించండి. పట్టిక 40 మాటలు దాటి పెరుగుతుంటే, వాటిలో ఒకే చివర ఉన్నవి అయిదు కనబడగానే అలెఫ్‌ను ఆ అయిదింటి మీద మళ్ళీ నడపండి. సూత్రం దొరికితే ఆ మాటలు పట్టికలోంచి తీసేయండి, దొరక్కపోతే అక్కడే ఉండనివ్వండి.